కిత్తనార కంచెలో వల

నాకు ముక్కు మీద కోపం. వయసు మీద పడ్డాక ఇప్పుడు కొంచెం తగ్గింది కానీ, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎవరి మాటా పడేదాన్ని కాదు. "నువ్వు బడికి పాఠం చెప్పడానికి పోతున్నావా, పోట్లాడ్డానికి పోతున్నావా?" అని మా నాన్న నవ్వేవాడు. ఆ కోపంలోనే ఒకసారి ఒక ముసలామెతో సాలీడు మీద పందెం వేశాను. పందెంలో ఒడ్డింది నా సొమ్మేమీ కాదు, ఒక పిల్ల చదువు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, దాని వెనకే చిన్న వణుకూ వస్తుంది.

మాది కొడవలూరు దగ్గర వరి పండించే ఇల్లు. ట్రెయినింగు అయ్యాక నన్ను సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెంలో వేశారు. అరవైలు అప్పుడే మొదలైన రోజులు. కాలువకు ఇవతల ఊళ్ళో గది తీసుకుని, రోజూ పొద్దున పడవలో కాలువ దాటి, ఆపైన ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ బడికి పోయేదాన్ని. తాటాకు కప్పు, మట్టి గోడలు, ఒక నల్లబల్ల, ఒక కుర్చీ, టీచర్ని నేనొక్కదాన్నే. వానాకాలం కప్పు కారేది, ఎండాకాలం పలకల మీద ఇసక పడేది. పిల్లలు రాసింది చెరిపేయడానికి తడిగుడ్డతో పని లేదు, ఉఫ్ అని ఊదితే సగం పోయేది.

పాళెంలో పిల్లలు బడి ఎగ్గొట్టడానికి సాకులకు కొదవ లేదు. పడవలు వస్తే చేపలు ఏరాలి. చేపలు ఎండబెడితే కాకుల్ని తోలాలి. పడవలు రాకపోతే ఎందుకు రాలేదో చూడ్డానికి ఒడ్డున నిలబడాలి. వీళ్ళందరిలో నాలుగో తరగతిలో ఒక పిల్ల మాత్రం గంట కొట్టకముందే వచ్చి గుమ్మంలో కూర్చునేది. పెద్ద కళ్ళు, నూనె చుక్క ఎరగని జుట్టు, నోరు తెరిస్తే ప్రశ్న. సముద్రం నీళ్ళు ఉప్పగా ఎందుకున్నాయని అడిగి నన్ను రెండు రోజులు తిప్పలు పెట్టింది. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

ఆ పిల్ల తండ్రి సముద్రం మీదికి పోయేవాడు. తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద చేపలు అమ్మేది. ఇంట్లో వలలు బాగుచేసే పని అవ్వది. ఆ అవ్వకు చూపు మందగించింది. అందుకని వచ్చే అమావాస్య నుంచి పిల్ల బడి మానేసి వలల దగ్గర కూర్చోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. నేను బతిమలాడ్డానికి వాళ్ళింటికి పోయాను. అవ్వ గుడిసె ముందు వల ఒళ్ళో పోసుకుని కూర్చుని ఉంది. తల కూడా ఎత్తలేదు.

"సదువుకుని ఏం చేస్తాది అయ్యోరమ్మా? కలకటేరు అవతాదా? ఈడ వల చినిగిపొయ్యుండాది. నా కళ్ళు ఆనవు. రేపు నా కొడుకు దేంతో చేపలు పట్టాల? నీ పలకతోనా?"

ఆమె అన్నది నిజమే. ఎదటివాళ్ళ మాట నిజమైనప్పుడే నాకు కోపం ఎక్కువ. అయినా ఆ పూటకు నోరు మూసుకుని తిరిగొచ్చాను.

ఆ వారమే ప్రకృతి పాఠం చెప్పాల్సి వచ్చింది. పుస్తకంలో మంచుకొండలూ, మా పిల్లలు కలలో కూడా చూడని చెట్లూ ఉన్నాయి. పుస్తకం మూసేసి బయటికి చూశాను. మా బడి చుట్టూ కిత్తనార కంచె ఉండేది. ముళ్ళ అంచులున్న ఆ మందపాటి ఆకుల మధ్య, గుమ్మం పక్కనే, పసుపూ నలుపూ చారల సాలీడు ఒకటి వల కట్టుకుని ఉంది. ఎనిమిది కాళ్ళను రెండేసి చొప్పున జతచేసి, నడిమధ్యలో తలకిందులుగా, అచ్చం గుణకారం గుర్తులాగా కూర్చునేది. దాని చుట్టూ వలలోనే తెల్లటి వంకరటింకర కుట్టు. మా ఇంట్లో సాలీడంటే బూజు, బూజంటే చీపురు తియ్యడమే. ట్రెయినింగులో మా మాస్టారు చెప్పేదాకా అది అల్లే పద్ధతి ఒకటుందని నేనూ ఎరగను.

పిల్లల్ని కంచె దగ్గరికి తీసుకుపోయాను. వేలితో ఆకును తట్టగానే సాలీడు వల మొత్తాన్ని ఊపడం మొదలుపెట్టింది, ఊయల ఊగినట్టు. పిల్లలు కేకలు వేసి ఎగిరారు. ఇక రోజూ గుడ్ మార్నింగ్ నాకు కాదు, దానికే.

ఎలా అల్లుతుందో చూపించడానికి పాత వలతాళ్ళు తెమ్మన్నాను. ఇసకలో సరుగుడు కర్రలు పాతించాను. "ముందు ఒక పోగు గాలికి వదుల్తుంది. అది ఎదటి ఆకుకు తగులుకోగానే బిగలాగి, దాని మీద అటూ ఇటూ నడిచి గట్టి చేసుకుంటుంది. ఆ పోగు మీద నుంచి కిందికి జారి చుట్టూ చట్రం కడుతుంది. తరవాత నడుమ నుంచి బండిచక్రం ఆకుల్లాగా పోగులు లాగుతుంది" అని చెబుతూ తాడు కట్టబోయాను. నా ముడి జారిపోయింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ జారింది. వెనక వరస పిల్లవాడొకడు "అయ్యోరమ్మా, ఇది జడ ముడా?" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. చివరికి ముళ్ళు వేసే పని వాళ్ళకే వదిలేశాను. నేను మాట పూర్తి చేసేలోగా వాళ్ళు తాడు బిగించేసేవాళ్ళు.

చక్రం తయారయ్యాక నడుమ నుంచి బయటికి ఒక చుట్టు చుట్టించాను. "ఇది పొడి దారం, ఇల్లు కట్టేటప్పుడు తాపీవాళ్ళు నిలబడ్డానికి కర్రలతో కట్టుకునే సారువ లాంటిది. దీని మీద నిలబడి ఇప్పుడు బయటి నుంచి లోపలికి జిగురు దారం అల్లుకొస్తుంది. అల్లుతూ అల్లుతూ ఆ పొడి దారాన్ని తీసేస్తూ వస్తుంది." మరి దాని కాళ్ళకు జిగురు అంటుకోదా అని ఆ పెద్దకళ్ళ పిల్ల అడిగింది. జిగురు లేని పోగుల మీదే అడుగు వేస్తుందని చెప్పాను. ఆ పిల్లనే కళ్ళకు గంతలు కట్టి చక్రం నడుమ కూర్చోబెట్టి, తాళ్ళన్నీ చేతుల్లో పెట్టాను. చుట్టూ నిలబడ్డ పిల్లలు ఒక్కొక్కరు ఒక తాడు లాగాలి, ఎవరు లాగారో సాలీడు చెప్పాలి. ఒక్కటి కూడా తప్పలేదు. గాలికి కదిలిన తాడేదో, మనిషి లాగిన తాడేదో కూడా చెప్పింది. "మా నాయన వలతాడు పట్టుకుంటే లోపల చేప ఉందో, నాచు ఉందో చెప్పేస్తాడు" అంది గంతలు విప్పుకుంటూ, అదేం పెద్ద విషయం అన్నట్టు.

అంతవరకు పాఠం పెళ్ళి ఊరేగింపులా సాగింది. అసలు చిక్కు వలను కాపాడుకోవడం దగ్గర వచ్చింది. "దుమ్ము పడి, గాలికి ఆరి, జిగురు పోతుంది. పురుగులు పడి చిరుగుతుంది. అందుకని రోజూ పాత వలను తానే చుట్టి తినేసి, తెల్లారేలోగా కొత్తది అల్లుకుంటుంది" అన్నాను.

తరగతిలో గోల పుట్టింది. సాలీడుకు ఎనిమిది కాళ్ళంటే నమ్మారు, దారం కడుపులోంచి వస్తుందంటే నమ్మారు. వలను పారేస్తుందంటే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఒక వల తయారు కావాలంటే నెలలు పట్టేది. నైలాను ఇంకా మా వైపు రాలేదు. నూలు దారాన్ని తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచి, అల్లి, చిరిగిన ప్రతి కన్నూ కుట్టుకుంటూ ఏళ్ళు గడిపేవాళ్ళు. నా ముద్దుల శిష్యురాలే లేచి నిలబడింది.

"అట్టా చెయ్యదు అయ్యోరమ్మా. వల ఎవురన్నా పారేస్తారా? కుట్టుకుంటాది."

ఆ మాట ఇంటికి చేరకుండా ఉంటుందా? మర్నాడు సాయంత్రం బడి వదిలే వేళకు అవ్వ కర్ర పోటు వేసుకుంటూ వచ్చింది. కంచె దగ్గర నిలబడి, మొహం వల దాకా పెట్టి చూసింది.

"ఈ పురుగు రోజుకొక వల అల్లతాదని పిల్లకాయలకి చెప్పినావంట?"

"అవునవ్వా."

"ఇట్టాంటి అబద్దాలు చెప్పేదానికా నీకు జీతం ఇచ్చేది? వలంటే ఏందనుకున్నావు? ఈ సదువుకేనా నా మనవరాల్ని పంపమనేది?"

నా కోపం ముక్కు మీద నుంచి నెత్తికెక్కింది. "ఇప్పుడు తీసేస్తే రేపు పొద్దున్నకి కొత్తది ఉంటుంది. చూస్తావా?" అన్నాను.

"లేకపోతే?"

"లేకపోతే నీ మనవరాల్ని తీసుకుపో. నేను నోరెత్తను. ఉంటే మాత్రం అయిదో తరగతి అయ్యేదాకా బడి మాన్పించకూడదు."

"సరే. మాటంటే మాటే" అంది అవ్వ.

మాట నోరు దాటాకగానీ నాకు బుద్ధి రాలేదు. మా మాస్టారు చెప్పింది దాదాపు రోజూ అని. కడుపు నిండితే ఒక్కో రోజు అల్లదనీ, బెదిరితే చోటు మారుస్తుందనీ కూడా చెప్పారు. వెనక్కి తగ్గుదామంటే తరగతి మొత్తం నా మొహంలోకే చూస్తోంది. ఆ పిల్ల పలక గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది.

"అయితే తెంపవ్వా" అన్నాను.

అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "వల తెంపే చెయ్యి కాదు మాది. నువ్వే తెంపు." పాళెంలో వల మీద కత్తి పెట్టరు, వలను దాటి నడవరు. చిన్న పిల్లలు కూడా చుట్టూ తిరిగిపోతారు. అది పురుగు వలే అయినా వాళ్ళ చెయ్యి రాదు. నేను వరిచేల దాన్ని, నాకేం పట్టింపు? పుల్ల తీసుకుని ఒక్కసారి చుట్టేశాను. సాలీడు ఆకు వెనక్కి పరుగెత్తింది. పిల్లలెవరూ నవ్వలేదు. ఆ పెద్దకళ్ళ పిల్ల నన్ను చూసిన చూపులో ఉన్నంత బాధ, నేను వాళ్ళ ఇల్లు కూల్చినా ఉండేది కాదేమో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గాలి హోరుకు సాలీడు ఎక్కడికి కొట్టుకుపోయిందో, ఏ కాకి తిన్నదో అనుకుంటూ దొర్లాను. పురుగును నమ్మి పిల్ల చదువు పందెం పెట్టిన టీచర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. వెలుగు రాకముందే కాలువ గట్టు మీదున్నాను. పడవవాడు తాపీగా పళ్ళు తోముకుంటున్నాడు. "పుల్ల నములుతూ కూడా గెడ వెయ్యొచ్చు, పద" అని కసిరాను. అటు ఒడ్డు దిగాక ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తాను.

నాకంటే ముందే సగం పాళెం కంచె దగ్గర ఉంది. అవ్వ నా కోసమే ఆగినట్టుంది, ఎవరినీ దగ్గరికి పోనివ్వలేదు. నేను రొప్పుతూ ముందుకు పోయి చూశాను.

వల ఉంది! మంచు బొట్లతో, చుట్లు చుట్లుగా, చెక్కుచెదరని కొత్త వల. నడుమ మా గుణకారం గుర్తు హాయిగా కూర్చుని ఉంది. ఆనందం పట్టలేక పక్కనున్న పిల్లవాడి వీపు మీద ఒక్కటి చరిచాను. పాపం, వాడికెందుకు పడిందో వాడికి తెలియదు.

అవ్వ కర్ర పక్కన పెట్టి వచ్చింది. కళ్ళు ఆనవు గనక వేళ్ళతో చూసింది. వల జోలికి పోకుండా, ఆకు అంచు పట్టుకుని తడుముకుంటూ పోతున్న వేళ్ళు ఒకచోట ఆగాయి. అక్కడ ఏదో గిల్లి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత మెల్లగా నా వైపు తిరిగింది.

"అయ్యోరమ్మా, ఈ పురుగు తుమ్మచెక్క యాడ తెచ్చుకుంటాది?"

వంగి చూశాను. ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు ఎర్రటి వలదారం బిగించి కట్టి ఉంది. సాలీడు పై పోగును దాన్ని ఊతగా చేసుకునే వేలాడదీసింది. "నాకు తెలియదవ్వా. ఒట్టు, నేను కట్టలేదు" అన్నాను.

"నువ్వు కట్టలేదని నాకు తెలుసులే. నువ్వు కట్టుంటే ఈపాటికి జారిపొయ్యుండేది. ఈ ముడి మా ఇంటిది. నేను నేర్పిన ముడి."

వెనక నుంచి ఏడుపు వినపడింది. ఆ పిల్ల పలక కింద పడేసి వెక్కుతోంది. "మోసం చెయ్యలేదవ్వా! పొద్దు గుంకతా ఉంటే తెగిన వల అట్టనే పెట్టగూడదని నువ్వే గదా చెప్పింది! ఒక పోగు కట్టినా. మిగతాది కడదామంటే దాని దారం చేతికి అంటుకునింది, ముడి పడలా. వదిలేసి ఇంటికొచ్చినా."

అదీ సంగతి. ఆ పిల్ల నా పాఠాన్ని నమ్మలేదు. పందెం గెలిపించడానికీ కట్టలేదు. తెగిన వల కంట పడితే ముడి వెయ్యకుండా ఆ చేతులు ఊరుకోలేవు, అంతే. ఇక పందెం పోయిందనే అనుకున్నాను. పిల్లకేసి చూడాలంటే భయమేసింది.

అవ్వ మళ్ళీ వలకేసి తిరిగింది. ఈసారి చిటికెన వేలు చాచి, లోపలి చుట్టును అతి మెల్లగా తాకింది. దారం వేలికి అంటుకుని సాగింది. వదిలితే వెనక్కి పోయింది. పక్క చుట్టు తాకింది, అదీ అంతే. చక్రం పోగు ఒకటి తాకింది, అది అంటుకోలేదు. సాలీడుకు చిరాకేసిందేమో, వల మొత్తం ఊపేసింది. అవ్వ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది.

"ఓసి నీ పాడుగాను! రెండు రకాల దారం. మా దారం ఒక్క పోగే, తక్కిందంతా దీని సొంతం. రాత్రికి రాత్రి అల్లిందే!" నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుని, మనవరాల్ని దగ్గరికి లాక్కుంది. "నా మాట ఇది నిలబెట్టింది. నీ మాట ఆ పురుగు నిలబెట్టింది. ఇంక నా మాట నేను నిలబెట్టుకోవద్దా? కూచోబెట్టుకో పో."

పిల్లలు వేసిన కేకలకు సరుగుడు తోటలో కొంగలు లేచిపోయాయి. నేను ఆ పిల్లను ఎత్తుకుని గిర్రున తిప్పాను. నాలుగో తరగతి పిల్ల, బరువే. నడుం పట్టేసింది, ఆ వారమంతా వంగలేకపోయాను.

సంబరం సద్దుమణిగాక నాకు ఇంకో దిగులు పట్టుకుంది. మాట నిలబెట్టుకుంది సరే, మరి ఆ చిరిగిన వల మాటేమిటి? కళ్ళు ఆనని ముసలామె ఎలా కుడుతుంది? అమావాస్య వెళ్ళిన మర్నాడు చూస్తే, అవ్వ మా బడి గోడ నీడలో కూర్చుని ఉంది. ఒళ్ళో వల. మనవరాలి వాటా పని తానే పెట్టుకుని, చిరుగులు వేళ్ళతో వెతుక్కుంటూ, వెదురు పుల్లతో కుట్టుకుంటూ పోతోంది. దారం ఎక్కించాల్సి వస్తే గోడ మీద కర్రతో టకటకా కొట్టేది. పిల్ల ఒక్క గెంతులో బయటికి పోయి, ఎక్కించి ఇచ్చి, గుణింతం మధ్యలోకే తిరిగొచ్చేది. కొన్నాళ్ళకు తరగతి మొత్తం ఆ టకటకల కోసం చెవులు రిక్కించి, వంతులేసుకుని పరుగెత్తడం మొదలుపెట్టింది. నేను విసుక్కునేదాన్ని. ఎక్కం తప్పు చెబితే బయటి నుంచి అవ్వ గొంతు వినిపించేది: "ఏడారులు నలభై రెండంట, మొన్న అయ్యోరమ్మ చెప్పలా?" ఇక విసుక్కోవడం ఎలా?

వానలు పడే ముందు సాలీడు ఆకు కింద గోధుమరంగు సంచి ఒకటి కట్టింది. ఆ తరవాత ఒకరోజు అది కనపడలేదు. పిల్లలు దిగాలు పడ్డారు. కానీ కొన్ని వారాలకు ఆ సంచి పగిలి, ఆవగింజలంత సాలీడు పిల్లలు బిలబిలమని బయటికొచ్చాయి. ఆకు కొనకెక్కి, ఒక్కొక్కటి సన్నటి పోగు గాలికి వదిలి, ఆ పోగుతో పాటే ఎగిరిపోతున్నాయి. పాఠం ఆపేసి అందరం కంచె చుట్టూ చేరాం. అవ్వకు కనపడవు గనక మనవరాలే చెబుతోంది, ఒకటి పోయిందవ్వా, ఇంకోటి పోయిందవ్వా అని.

అవ్వ పుల్ల ఆపి, గాలికి మొహం పెట్టి కాసేపు విన్నది.

"వాటికి అల్లేది ఎవురు నేర్పిస్తారు అయ్యోరమ్మా? తల్లి లేదు గదా?"

"ఎవరూ నేర్పించక్కర్లేదవ్వా. పుట్టుకతోనే వస్తుంది వాటికి."

"అదృష్టం చేసుకున్నాయి" అంది అవ్వ. చేత్తో వెతుక్కుని మనవరాలి భుజం పట్టుకుని, బడి గుమ్మం వైపు తోసింది. "మనోళ్ళకి అట్టా రాదు. చెప్పాల్సిందే. పో అయ్యోరమ్మా, లోపలికి పోయి చెప్పు."

నేను లోపలికి పోయి చెప్పాను.